హుక్కా బొగ్గుకి ఎక్సెల్ షీటు

మావాళ్ళు ఈ మధ్య హుక్కా ఖర్చు తగ్గించే పరిశోధనలో పడ్డారు. మావాళ్ళంటే నాతోపాటు ఇంజనీరింగ్ వెలగబెట్టి, సగంమంది హైదరాబాదులోనూ సగంమంది బెంగుళూరులోనూ కీబోర్డులు అరగదీస్తూ, పండక్కీ పబ్బానికీ ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రైలు దిగే బాపతు. వీళ్ళకో ఎక్సెల్ షీటు ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. బొగ్గుకో కాలమ్, పొగాక్కో కాలమ్, చిలుము మీద బిగించే అల్యూమినియం కాగితానికో కాలమ్, చిట్టచివర "ఒక్కో సిట్టింగుకి ఖర్చు" అని ఇంకోటి. నెలనెలా ఆ చివరి అంకె తగ్గుతుంటే ఒకడు గ్రాఫు గీసి గ్రూపులో పెడతాడు, మిగతావాళ్ళు చప్పట్ల బొమ్మలు పెడతారు. ఆఫీసులో రెండు రోజుల పనికి ఎస్టిమేటు అడిగితే వారం నాన్చే పెద్దమనుషులే వీళ్ళంతా.

నా గొడవ ఆ గ్రాఫుతోనే. హుక్కా తాగడం గురించి పురాణం చెప్పడానికి నేను కూచోలేదు. పొగ మనకి కొత్తేం కాదు. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టలు చుట్టి కాల్చిన తాతలు మనకున్నారు, చుట్ట నోట్లో పెట్టుకునే గిరీశం వందేళ్ళకి పైగా మనల్ని నవ్విస్తున్నాడు, బెల్లం కలిపిన పొగాకుకి గుడాకు అని మన దగ్గర పేరు కూడా ఉంది. తాగేవాడు తాగుతాడు, వాడి ఇష్టం, వాడి జీతం. కానీ "డబ్బు మిగులుస్తున్నాం" అంటూ మావాళ్ళు కనిపెట్టిన ఉపాయాలు వరసగా చూస్తే అన్నీ ఒక్క చోటికే చేరుతున్నాయి. ప్రతి ఉపాయమూ కాలే బొగ్గుని మనిషి ముక్కుకి ఇంకో జానెడు దగ్గరికి తెస్తోంది. మా జిల్లా మెట్టలో పొగాకు రైతు ఉన్నాడే, వాడు కాలే కర్ర పొగని ఆకుక్కూడా తగలనివ్వడు. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు బొగ్గు కాలమ్ చూద్దాం.

హుక్కాకి వాడే మంచి బొగ్గు కొబ్బరి చిప్పలతో చేస్తారు. చిప్పల్ని గాలి ఆడకుండా కాల్చి, ఆ బొగ్గుని పొడి కొట్టి, కాస్త పిండిబంక కలిపి, మిషన్లో క్యూబుల్లాగా నొక్కి ఆరబెడతారు. ఎక్కువ సరుకు ఇండోనేషియా నించి వస్తుంది. పక్కనే కోనసీమ పెట్టుకుని బొగ్గు దిగుమతి చేసుకోడమేంటో అని మీకనిపిస్తే మీది కూడా మావాడి బుర్రే. మా గూడెం మిత్రుడొకడికి సరిగ్గా అదే అనిపించింది. కిలో క్యూబులకి పోసే డబ్బుతో ఇస్త్రీ బండివాడి బొగ్గు ఓ బస్తా వస్తుంది కదా అని లెక్క కట్టాడు. గ్రాఫు మొదటిసారి దబ్బున పడింది అప్పుడే.

ఇస్త్రీ బొగ్గు చవక ఎందుకంటే దాన్ని ఎవడూ పూర్తిగా కాల్చడు. సర్కారు తుమ్మో సరుగుడో ఏదో ఒకటి ఆముల్లో పేర్చి, మట్టి కప్పి, కాలిందనిపించాక తీసి బస్తాల్లో పోస్తారు. కొన్ని ముక్కలు బొగ్గు, కొన్ని ముక్కలు ఇంకా కట్టే. ఇస్త్రీ పెట్టెకి అది సరిపోతుంది, ఎందుకంటే ఇస్త్రీ పెట్టె ఊపిరి పీల్చదు. బండి చెట్టుకింద ఉంటుంది, పొగ దారి పొగది. అదే ముక్క చిలుము మీద పెట్టి, అడుగునించి గొట్టంతో లాగితే ఆ పచ్చి కట్టెలోంచి వచ్చే తారూ మసీ అన్నీ లాగేవాడి ఛాతీలోకే. "కొంచెం ఘాటుగా ఉంది మావా, మన లోకల్ ఫ్లేవరు" అన్నాడొకడు.

పోనీ క్యూబులు మంచివా అంటే అదీ కాదు. ఇక్కడే మావాళ్ళ షీటులో లేని అసలు కాలమ్ ఉంది. 2008లో బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక తేలికైన ప్రయోగం చేశారు. ఒకే హుక్కా, ఒకే పొగాకు. ఒకసారి మామూలుగా బొగ్గుతో, ఇంకోసారి బొగ్గు తీసేసి కరెంటు హీటరుతో వేడిచేసి, వచ్చే పొగని కొలిచారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌లో దాదాపు 90 శాతం, క్యాన్సర్ తెచ్చే బెంజోపైరీన్‌లో దాదాపు 95 శాతం బొగ్గు నించే వస్తున్నట్టు తేలింది. అంటే మనం పొగాకుని తిట్టుకుంటూ కూచున్న పాపంలో ఈ రెంటి వాటా దాని నెత్తిన పెట్టుకున్న నిప్పుది. "మాది హెర్బల్, అందులో పొగాకే లేదు" అని ముచ్చటపడే వాళ్ళకి కూడా ఇదే జవాబు. బొగ్గు అదే కదా బాబూ. పొగాకు లేని హుక్కా తాగినవాళ్ళ మీద చేసిన పరీక్షల్లోనూ కార్బన్ మోనాక్సైడ్ ఏమీ తగ్గలేదు.

బళ్ళో చదువుకున్న బొగ్గుపులుసు వాయువు ఇది కాదు. అది ఊపిరాడనివ్వకపోతే మనకి తెలుస్తుంది, గుండెలు ఎగరేస్తాం. ఇది దాని తమ్ముడు. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది ఓ పట్టాన వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం పోడానికే నాలుగైదు గంటలు పడుతుంది. తల తేలిపోవడం, కాళ్ళు దూదిలా అవడం, కాస్త వికారం... హుక్కా భాషలో దీన్నే "కిక్కు" అంటారు. డబ్బులిచ్చి కొనుక్కున్న కిక్కులో ఎంత పొగాకుదో ఎంత విషవాయువుదో విడదీసి చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నీళ్ళలోంచి వస్తుంది కాబట్టి వడకట్టినట్టే అనేది ఇంకో పాత పాట. అది ఎంత పాతదంటే, అక్బరు ఆస్థానంలో హకీం అబుల్ ఫత్ గిలానీ పొగని నీళ్ళ మీదుగా పీల్చమన్నాడని చెబుతారు, అంత పాతది. నీళ్ళు పొగని చల్లబరుస్తాయి, గొంతు మండదు. మండదు కాబట్టి మనిషి ఇంకా లోతుగా, ఇంకా సేపు లాగుతాడు. కార్బన్ మోనాక్సైడ్ నీళ్ళలో కరగడం లేదనే అనుకోవచ్చు, అంత తక్కువ. బుడబుడమని పైకొచ్చి నేరుగా గొట్టమెక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన సలహా పత్రంలో, ఒక్క హుక్కా కూర్పులో మనిషి పీల్చే పొగ వంద సిగరెట్ల పొగకి సమానమవ్వొచ్చని రాసింది. పొగ పరిమాణం లెక్క అది, వంద సిగరెట్ల విషమని కాదు. ఈ తేడా చెప్పకుండా భయపెట్టే పోస్టర్లు నాకూ నచ్చవు. కానీ ఆ పరిమాణంలో సగం తగ్గించి చూసుకున్నా సరదా తగ్గే అంకె కాదది.

సరే, ఇప్పుడు గ్రాఫు రెండోసారి ఎక్కడ పడిందో చెప్తాను. ఇదివరకు మావాళ్ళు గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది చూశారూ, ఆ చాయలకి పోయి కూచునేవాళ్ళు. చుట్టూ బయలు, రయ్యిమని గాలి. గాలికి బొగ్గు ముప్పావుగంటలో బూడిద. "గాలికి బొగ్గంతా దండగైపోతోంది, నాలుగు గోడల మధ్య అయితే రెండింతలు వస్తుంది" అని ఒక మేధావి తేల్చాడు. మేధావి అని వెటకారానికి అనడంలేదు, వాడి పరిశీలన నూటికి నూరుపాళ్ళు నిజం. గాలి తక్కువైతే బొగ్గు నెమ్మదిగానే కాలుతుంది. నెమ్మదిగా ఎందుకు కాలుతుందంటే చాలినంత ఆక్సిజన్ లేక సగం సగం కాలుతుంది. అలా సగం కాలినప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. కాబట్టి షీటులో కనపడ్డ ఆదా అంతా ఎక్కడికీ పోలేదు, గదిలోనే తిరుగుతూ ఉంది. ఇదే సూత్రం మీద చిలుముకి మూత పెట్టడం, కన్నాలు తక్కువ పొడవడం కూడా మొదలుపెట్టారు.

ఆ నాలుగు గోడలూ ఎక్కడ దొరికాయంటే కొల్లేరులో. ఏలూరు నించి కైకలూరు రోడ్డున దిగి గట్ల మీదకి తిరిగితే చేపల చెరువులు, వాటి మీద కాపలా గదులు. (చెరువు ఐదో కాంటూరుకి లోపలా బయటా అని ఇక్కడ అడక్కండి, 2006లో ప్రొక్లెయినర్లు వచ్చి గట్లు కొట్టిన దగ్గర్నించీ ఆ ప్రశ్నకి ఆ ఊళ్ళలో మంచినీళ్ళు కూడా ఇవ్వరు.) గది అంటే పది అడుగుల ఇటికల గోడలు, పైన రేకు, లోపల సగం మేత బస్తాలు, ఓ మంచం. కిటికీ ఉంటే ఉంటుంది, ఉన్నా దోమలకి జడిసి మూసే ఉంటుంది. కొల్లేరు దోమ గురించి తెలిసినవాడికి ఆ తలుపు ఎందుకు మూస్తారో వేరే చెప్పక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి మావాళ్ళు నలుగురు ఆ గదిలో కూచున్నారు. నాకీ కథ ఇద్దరు విడివిడిగా చెప్పారు, రెండూ ఒకటే. బయట మంచు, తలుపు వేసేశారు. చిలుము మీదకి మాటిమాటికి బొగ్గు రాజెయ్యకుండా ఓ కుంపటి నిండా ఇస్త్రీ బొగ్గు రగిలించి లోపలే పెట్టుకున్నారు, చలికి చలీ కాగుతుంది. రెండు గంటలకి ఒకడికి తలనొప్పి. ఇంకొకడు వాంతి చేసుకున్నాడు, నేరం మధ్యాహ్నం తిన్న రొయ్యల వేపుడు మీద పడింది. మూడోవాడు ఒంటేలుకని లేచి, తలుపు తీసి, నాలుగడుగులేసి గట్టు మీద బోర్లా పడ్డాడు. నీళ్ళు వాడి తలకి మూరెడు దూరం. చెరువు కాపలా తాత టార్చిలైటు వేసి చూసి, "ఏవయ్యింది బాబూ" అంటూ వచ్చి, వాణ్ణి పక్కకి ఒత్తిగిల్లబెట్టి, గదిలోకి తొంగిచూసి, మిగతావాళ్ళని చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. వైద్యం చేసినాయన గ్యాసు ట్రబుల్ అని ఇంజక్షను పొడిచాడు. పాపం ఆయనకెవరూ కుంపటి సంగతి చెప్పలేదు. తెల్లారాక షీటు నింపినవాడు నింపాడు. ఆ రాత్రి ఖర్చు వాళ్ళ చరిత్రలోకెల్లా తక్కువట.

నాకు కోపం తెప్పించింది ఆ చివరి ముక్క. వీళ్ళలో ఒకడి నాన్నకి పాతికెకరాల చెరువు ఉంది. ఆయన రాత్రి మూడింటికి లేచి చెరువు చుట్టూ తిరుగుతాడు. ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చేసి తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది, శీలావతి, బొచ్చె నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. అది కనబడగానే ఏరియేటరు వేస్తాడు, ఇంజను పెట్టి కొత్త నీళ్ళు తోడతాడు. డీజిలు ఎంతయిందని ఆ క్షణాన లెక్క చూసుకునే రైతు కొల్లేరులో ఉండడు. డీజిలుకి వెనకాడితే తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు. చేపకి గాలి కావాలని తెలిసిన ఇంటి కుర్రాడు, అదే గట్టుమీద గదిలో, బొగ్గు మిగులుతుందని తలుపు గడియ పెట్టుకున్నాడు!

"మా దగ్గర ఆక్సీమీటరు ఉంది, వేలికి పెట్టి చూసుకున్నాం, తొంభయ్యెనిమిది ఉంది" అన్నాడు ఇంకో అఖండుడు. కోవిడ్‌లో కొన్నది ప్రతి ఇంట్లోనూ ఉంది కదా. ఆ క్లిప్పు రక్తం ఎర్రదనాన్ని చూసి అంకె చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి అది దాన్ని ఆక్సిజన్ ఖాతాలోనే వేసేస్తుంది. మన భాషలో చెప్పాలంటే, సర్వరు కూలిపోయినా డాష్‌బోర్డు మీద పచ్చలైటు వెలుగుతోంది. ప్రొడక్షన్లో ఇలాంటి మానిటరింగ్ పెడితే ఉద్యోగం ఊడుతుంది. తన ప్రాణానికైతే నడిచిపోతుందేమో మరి.

పొగాకు కాలమ్ సంగతి త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే అందులో పెద్ద పస లేదు. డబ్బాలో దొరికే హుక్కా మసాలాలో బెల్లప్పాకం, గ్లిజరినూ ఎక్కువ, ఆకు తక్కువ. "అదంతా మనమే కలుపుకుందాం, జంగారెడ్డిగూడెం వైపు ఆకు మనకి దొరక్కపోతుందా" అన్నది మావాళ్ళ ప్లాను. ఒక ముక్క, వర్జీనియా పొగాకు పండించాలంటే బోర్డు దగ్గర నమోదై ఉండాలి, అమ్మడం వేలం కేంద్రంలోనే అమ్మాలి. స్నేహితుడి పెరట్లో కిలో రెండు కిలోలు చేతులు మార్చుకునే సరుకు కాదది. రెండో ముక్క, కొలత లేకుండా పచ్చి ఆకు తరిగి పాకంలో వేస్తే నికోటిన్ ఎంత పడిందో కలిపినవాడికీ తెలీదు, తాగినవాడికీ తెలీదు. తడి ఆకు చేత్తో కోసిన కూలీలకే చర్మంలోంచి నికోటిన్ ఎక్కి వాంతులవుతాయి. ఒకసారి కాలిన మసాలాకి మళ్ళీ గ్లిజరిన్ చిలకరించి రెండో ఆట ఆడించేవాళ్ళ గురించి అయితే నేనేమీ అనను, పాచి టీపొడి మళ్ళీ మరిగించి తాగేవాళ్ళ సరసన కూచోబెట్టి వదిలేస్తాను :)

కానీ జంగారెడ్డిగూడెం పేరెత్తారు కాబట్టి అక్కడికే పోదాం. నా అసలు వాదన అక్కడుంది.

ఏలూరికి ఉత్తరాన మెట్ట ఎక్కితే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, ఇటు గోపాలపురం, దేవరపల్లి. తేలిక నేలలు, బోరునీళ్ళు, వర్జీనియా పొగాకు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది, ఈ నాలుగూళ్ళలోనూ దాని వేలం కేంద్రాలున్నాయి. పొలం పక్కన ఎత్తుగా, కిటికీల్లేని ఇల్లులాగా కనబడేది బ్యారన్. ఆకు రెలిచి తెచ్చి, కర్రలకి అల్లి, లోపల అటకల మీద అంతస్తులు అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కర్ర మండుతుంది. ఆ మంటా పొగా పెద్ద రేకు గొట్టాల్లోంచి బ్యారన్ నేలంతా చుట్టి, చివరికి పైనున్న పొగగొట్టంలోంచి ఊరి మీదకి పోతాయి. ఆకుకి చేరేది గొట్టం వేడి ఒక్కటే, పొగ కాదు. మొదట్లో 35 నించి 40 డిగ్రీలు, ఆకు పసుపెక్కాక నెమ్మదిగా పెంచుకుంటూ చివర ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా, ఐదారు రోజులు, పగలూ రాత్రీ ఎవరో ఒకరు కాపలా. గొట్టానికి ఎక్కడైనా చిల్లు పడి పొగ లోపలికొస్తే ఆకుకి పొగ వాసన పట్టి గ్రేడు పడిపోతుంది, వేలంలో కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకని సీజను ముందే గొట్టాలన్నీ విప్పి, తుప్పు చూసి, కీళ్ళు మట్టితో మెత్తి మరీ బిగిస్తారు.

ఈ విద్య పుట్టిన కథ కూడా బొగ్గుతోనే మొదలవుతుంది. 1839లో అమెరికాలో నార్త్ కరోలినాలో స్లేడ్ అనే ఆయన పొలంలో స్టీఫెన్ అనే బానిస, పొగాకు ఆరబెట్టే గదిలో నిప్పు కాస్తూ కునుకు తీశాడట. లేచేసరికి నిప్పు ఆరిపోతోంది. కంగారుగా కొలిమి దగ్గర్నించి బొగ్గులు తెచ్చి వేశాడు. పొగ లేని ఆ వేడికి ఆకు బంగారం రంగులోకి తిరిగింది. దాని ధర చూసి జనానికి మతిపోయింది. ఆ తర్వాత బొగ్గుని కూడా బయటికి నెట్టేసి గొట్టాలు పెట్టారు. అంటే ఆకుని ఇంధనం పొగ నించి కాపాడటానికి వాళ్ళు పడ్డ యాతన, అదే మన మెట్టలో ఇప్పటికీ నడుస్తున్న పద్ధతి. ఇంత శ్రమపడి, పొగ సోకకుండా, పసిపిల్లలాగా పెంచిన ఆకుని కొనుక్కొచ్చి, దాని నెత్తిన నేరుగా నిప్పు బొగ్గు పెట్టి, ఆ బొగ్గు గాలిని ఆకులోంచి లాగి ఊపిరితిత్తుల్లో నింపుకుంటున్నాడు మా బీటెక్కు. ఆకుకి ఉన్న పరువు వీడి ఛాతీకి లేదు.

ఇక ఆదా సంగతి. ఇంధనం ఆదా చేసే తెలివితేటలు నిజంగా ఎక్కడ కావాలో కూడా ఆ బ్యారన్ దగ్గరే కనిపిస్తుంది. కిలో ఆకు ఎండాలంటే సుమారు నాలుగైదు కిలోల కర్ర కాలుతుంది. సరుగుడు, జామాయిలు, జీడిమామిడి, ఏది దొరికితే అది. కర్ర ధర పెరిగితే రైతుకి ఏడుపు, కర్ర తరిగితే కొండకి ఏడుపు. అటక పైన వరిగడ్డి దట్టంగా పరిచి వేడి పైకి పోకుండా ఆపడం, పొయ్యి ఆకారం మార్చడం, గాలి పోయే కంతలు సరిచెయ్యడం, పొట్టుతో చేసిన ఇటుకలు కాల్చడం... 1947లో రాజమండ్రిలో పెట్టిన పొగాకు పరిశోధన కేంద్రం వాళ్ళూ, బోర్డు వాళ్ళూ, కంపెనీల వాళ్ళూ ఏళ్ళ తరబడి చెబుతున్నారు, కొందరు రైతులు చేస్తున్నారు. ఇక్కడ డిగ్రీ డిగ్రీకి లెక్క కావాలి, సెన్సరు కావాలి, రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్న మనిషికి ఫోనులో "వేడి ఎక్కువైంది, ఆకు మాడుతుంది" అని చెప్పే చిన్న ప్రోగ్రాం కావాలి. ఎండిన ఆకు జారి గొట్టం మీద పడి బ్యారన్లకి బ్యారన్లే తగలబడిన వార్తలు సీజన్లో పేపర్లో చూస్తూనే ఉంటాం. మాకు షీట్లూ గ్రాఫులూ గియ్యడం వచ్చు. ఆ వచ్చిన విద్యని గంటకి ఐదు రూపాయల బొగ్గు మిగల్చడానికి ఖర్చుపెట్టి, దానికి ఆప్టిమైజేషన్ అని పేరు పెట్టుకున్నాం.

వెనక్కి వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది, "పార్లర్లు మూసేశారు, ఎక్కడికి పొమ్మంటావ్?" నిజమే, 2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ హుక్కా పార్లర్లని నిషేధించింది, అదే నెలలో కర్ణాటకా నిషేధించింది. పార్లరులో కనీసం ఎగ్జాస్టు ఫ్యాను తిరిగేది, ఇప్పుడు సరంజామా అంతా అద్దె ఫ్లాట్లలోకీ చెరువు గదుల్లోకీ దూరింది. చట్టం చేసినవాళ్ళు ఈ సంగతి ఆలోచించారో లేదో నాకనుమానమే. ఆమాటకొస్తే బొగ్గు బదులు కరెంటుతో నడిచే ఈ-హుక్కాని 2019 చట్టం ఈ-సిగరెట్లతో కలిపి దేశమంతా నిషేధించింది, నిప్పుల బొగ్గుకి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఈ తిరకాసు మీద మావాళ్ళతో కలిసి నేనూ అరుస్తాను. కానీ ప్రభుత్వం తిక్కపని చేసిందని మనం కిటికీ మూసుకోవాలని ఎక్కడుంది?

రెండోది, "మా నాయనమ్మ కట్టెల పొయ్యి ముందు డెబ్భయ్యేళ్ళు బతికింది." ఆవిడ వంటిల్లు తాటాకిల్లు బాబూ, చూరు నించి పొగ వెళ్ళిపోయేది, పొయ్యి ముందు గడియ పెట్టుకుని కూచోలేదు. అయినా ఆవిడ రాత్రంతా దగ్గేది, అది నీకు జ్ఞాపకం లేదంతే. ఆ పొగ వదిలించుకోడానికే ఊరూరా గ్యాసు బండ కోసం ఆడవాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూశారో అడుగు. ఢిల్లీ వైపు ప్రతి చలికాలం అంగీఠీ గదిలో పెట్టుకుని పడుకుని తెల్లారి లేవనివాళ్ళ వార్త వస్తుంది. వాళ్ళు చలికి గత్యంతరం లేక పెట్టుకుంటారు. మనం సరదాకి పెట్టుకుంటున్నాం.

మానెయ్యమంటే ఎవడూ మానడు, ఆ సంగతి నాకు తెలుసు. కాబట్టి తాగేవాడు ఆ రన్‌వే మీదకే తిరిగి పోండి. బొగ్గు దండగైతే అవనివ్వండి, గాలికి పోయిన బొగ్గే మీకు కలిసొచ్చిన బొగ్గు. కుంపటి ఎప్పుడూ గుమ్మానికి బయటే. తల బరువెక్కితే అది కిక్కు అనుకోకుండా లేచి బయటికి నడవండి, నడవలేనివాణ్ణి లాక్కురండి. స్పృహ తప్పితే మొహాన నీళ్ళు కొట్టి, ఉల్లిపాయ వాసన చూపించి కాలం గడపకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఒంట్లోంచి ఆ వాయువుని తొందరగా తోలేది మాస్కుతో ఇచ్చే పూర్తి ఆక్సిజన్, దానితో నాలుగైదు గంటల పని గంటా గంటన్నరలో అవుతుంది. ఆస్పత్రిలో "ఏం తిన్నాడు, ఏం తాగాడు" అని అడుగుతారు. ఇంట్లో తెలుస్తుందని సిగ్గుపడి నీళ్ళు నమలకుండా, మూసిన గదిలో బొగ్గు దగ్గర కూచున్నాడని చెప్పండి, ఎన్ని గంటలో కూడా చెప్పండి. ఆ ఒక్క ముక్క దాచారా, మళ్ళీ గ్యాసు ఇంజక్షనే.